అడుగు నేలలో విష్ణుక్రాంత

కొన్ని మొక్కల పేర్లలో ఒక పురాణగాథ ఇమిడి ఉంటుంది. విష్ణుక్రాంత అటువంటిది. 'క్రాంత' అంటే అడుగు వేసి ఆక్రమించినది. విష్ణువు పాదం మోపిన చోటు అనే భావం ఈ పేరులో ధ్వనిస్తుంది. ఆ మాట వినగానే తెలుగు పాఠకునికి వామనావతార కథ జ్ఞప్తికి రావడం సహజం. పోతన భాగవతంలోని అష్టమ స్కంధం చదివినవారికి బలిచక్రవర్తి యజ్ఞవాటిక, మూడడుగుల నేల అడిగిన వటువు, వద్దని వారించిన శుక్రాచార్యుడు, అయినా ఆడిన మాట తప్పని దాత కళ్ళముందు నిలుస్తారు. భూమి ఎవరిది, ఎంతకాలం ఎవరిది, తనదనుకొన్న దానిని విడిచిపెట్టవలసి వచ్చినప్పుడు మనిషి ఏ తీరున విడిచిపెట్టాలి అన్న ప్రశ్నలు ఆ కథలో ఉన్నాయి. అడుగు నేలలో ఒదిగిపోయే ఒక చిన్న నీలిపూల మొక్కకు ఆ గాథను తలపించే పేరు దక్కడం ఆలోచింపజేసే విషయం.

ఈ ప్రశ్నలు పురాణానికే పరిమితమైనవి కావు. ఛత్తీస్‌గఢ్‌లో అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో అవి నిత్యజీవిత ప్రశ్నలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ వరకు మార్గాన్ని పూర్తి చేసింది. బిలాస్‌పూర్ ఆ మార్గంలో ముఖ్యమైన జంక్షన్ అయింది. 1931లో రాయపూర్, విజయనగరం మధ్య రైలుదారి పూర్తయిన తరువాత ఉత్తరాంధ్రకు ఈ ప్రాంతం మరింత దగ్గరయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఖరగ్‌పూర్‌కు వెళ్ళినట్లే బిలాస్‌పూర్‌కు కూడా తెలుగు కుటుంబాలు రైల్వే కొలువుల కోసం తరలివచ్చాయి. 1955లో ఈ మార్గాలు ఆగ్నేయ రైల్వేలో భాగమయ్యాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, బిలాస్‌పూర్ ఒక జోన్‌కు ముఖ్యకేంద్రమైంది. రాకపోకలే వృత్తిగా కలిగిన ఊరు ఇది. ఒకప్పుడు పల్లెగా ఉండి క్రమంగా పట్టణంలో కలిసిపోయిన మంగ్లా వంటి పేటల్లో సొంత ఇళ్ళ పక్కనే అద్దె ఇళ్ళు, స్థిరపడినవారి పక్కనే ఏ క్షణాన బదిలీ ఉత్తరువు వస్తుందో తెలియని ఉద్యోగులు కనిపించడం సాధారణం.

అటువంటి చోట ఇంటి ముందున్న పది గజాల నేలలో ఏమి నాటాలి అన్నది పైకి చూస్తే తోటపనికి సంబంధించిన ప్రశ్న. కొంచెం లోతుకు వెళితే అది ధర్మానికి సంబంధించిన ప్రశ్నగా మారుతుంది. బంతి, చేమంతి, జినియా వంటి ఋతుపుష్పాలు కొద్ది నెలల్లో పూసి ముగుస్తాయి. వేసినవారే వాటి పూలు చూస్తారు. లెక్క అక్కడితో సరిపోతుంది. బహువార్షిక మొక్క సంగతి వేరు. అది నాటినవారి పదవీకాలాన్ని దాటి బతకగలదు. కొద్దికాలం మాత్రమే నిలిచే చోట, తన తరువాత కూడా ఉండవలసిన దానిని నాటడం వివేకమా, వృథాశ్రమా? అంతకంటే కఠినమైన ప్రశ్న మరొకటి ఉంది. తరువాత వచ్చేవారి నేలపై ముందువారికి ఆ అధికారం ఎక్కడిది?

ఈ విచారణకు ముందు మొక్కను సరిగా తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే విష్ణుక్రాంత పేరుతో తోటల్లో కనిపించేది ఒకటి, బీడు నేలల్లో కనిపించేది మరొకటి. వృక్షశాస్త్రంలో ఎవాల్వ్యులస్ ఆల్సినోయిడిస్ అని పిలిచే మొక్క మన సంప్రదాయంలోని విష్ణుక్రాంత. వినాయక చవితి నాడు అర్పించే ఇరవైయొక్క పత్రాలలో దీని పేరు ఉంది. కేరళీయులు పవిత్రంగా భావించే దశపుష్పాలలోనూ ఇది ఒకటి. సన్నని కాడలతో నేలకు అంటుకొని పాకుతుంది. గోరంత నీలిపువ్వు పూస్తుంది. రాళ్ళతో, గరుకు మట్టితో ఉన్న పొడినేలల్లో, ఎవరూ నీరు పోయని చోట బతుకుతుంది. ఛత్తీస్‌గఢ్ రైతులు నేలలను కన్హార్, డోర్సా, మటాసీ, భాటా అని విభజించి చెబుతారు. వీటిలో భాటా అంటే ఎర్రని కంకర నేల, పంటకు అంతగా పనికిరాదని వదిలివేసే మెట్ట. ఈ చిన్న మొక్క స్వభావానికి సరిపడేది అటువంటి నేలే.

నర్సరీల్లో అదే పేరుతో అమ్ముడుపోయేది సాధారణంగా ఎవాల్వ్యులస్ గ్లోమరేటస్. బ్లూ డేజ్ అనే వ్యాపారనామం కూడా దీనికి ఉంది. దీని జన్మభూమి బ్రెజిల్, దాని పరిసర దక్షిణ అమెరికా దేశాలు. దాదాపు అడుగు ఎత్తున గుబురుగా పెరుగుతుంది. బూడిదరంగు కలిసిన ఆకుపచ్చని ఆకులపై సన్నని నూగు ఉంటుంది. రూపాయి నాణెమంత స్వచ్ఛమైన నీలిపూలు పూస్తుంది. రెండు మొక్కలదీ ఒకే ప్రజాతి, చిలగడదుంప కుటుంబం. ఆ కుటుంబంలో అనేకం తీగలై దేనినో ఒకదానిని చుట్టుకొని పైకి ఎగబాకుతాయి. ఇవి చుట్టుకోవు. 1762లో లిన్నేయస్ ఈ ప్రజాతికి చుట్టు విప్పుకొన్నది అనే అర్థం వచ్చే లాటిన్ మాటను పేరుగా పెట్టడానికి కారణం ఈ లక్షణమే. మరొకరి ఆధారం లేకుండా, మరొకరిని అల్లుకోకుండా తన పాదులో తాను నిలవడం దీని స్వభావం.

బిలాస్‌పూర్ వాతావరణంలో ఈ తోట మొక్కను పెంచడం కష్టం కాదు. కాని నిర్లక్ష్యాన్ని ఇది సహించదు. ఇక్కడ మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సందర్భాలు ఉన్నాయి. ఏడాదికి సుమారు 1200 మిల్లీమీటర్ల వాన కురిస్తే అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. ఎండ ఈ మొక్కకు హితమే. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ తగలనిదే పూత రాదు. ప్రమాదం వానాకాలంలో ఉంది. నల్లని కన్హార్ నేలలో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి. కనుక మడిని చుట్టూ ఉన్న నేల కంటే జానెడు ఎత్తు చేసి, మట్టిలో ఇసుకను, బాగా చివికిన పశువుల ఎరువును కలపాలి. కుండీ అయితే అడుగున రంధ్రం మూసుకుపోకుండా పెంకులు వేయాలి. పైమట్టి ఆరిన తరువాతనే నీరు పోయాలి. చలికాలం ముగియగానే కొమ్మలను సగానికి కత్తిరిస్తే వేసవికి ముందు కొత్త చిగుళ్ళతో గుబురవుతుంది. రెండు మూడేళ్ళకు మొదలు కట్టెబారి పూత తగ్గుతుంది. అప్పుడు నాలుగంగుళాల లేత కొనలను తుంచి, కింది ఆకులు తీసివేసి, నీడలో తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాలలో వేళ్ళు పోసుకుంటాయి.

ఈ మొక్కలో గమనించదగిన విశేషం మరొకటి ఉంది. దీని పువ్వు ఆయుష్షు ఒక్క పూటే. ఉదయం విచ్చుకొని, ఎండ వాలేసరికి ముడుచుకుంటుంది. మర్నాడు కనిపించేది వేరే పువ్వు. మబ్బు పట్టిన రోజున సరిగా విచ్చుకోదు కూడా. మొక్క ఏళ్ళ తరబడి పచ్చగా ఉంటుంది, పువ్వు మాత్రం ఏనాటికానాడు కొత్తది. పదవి, పదవిలో ఉన్న వ్యక్తి అనే రెండింటి సంబంధం ప్రభుత్వ వ్యవస్థలోనూ ఇలాగే ఉంటుంది. కుర్చీ ఉంటుంది, కూర్చున్నవారు మారుతారు. మారేవారి బాధ్యత ఎంతవరకు అన్నదే అసలు ప్రశ్న.

మొదటి ఆక్షేపణను పరిశీలిద్దాం. వెళ్ళిపోయేవారు నాటడం వృథా అని కొందరంటారు. ఈ వాదనలో ఒక లెక్క ఉంది: ఫలం అనుభవించనివాడు శ్రమపడనక్కరలేదు. చరిత్ర ఈ లెక్కను సమర్థించదు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు వేయించిన రెండవ శిలాశాసనం కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. మనుషులకు, పశువులకు ఉపయోగపడే ఓషధులు ఏయే చోట్ల లేవో ఆ చోట్లకు వాటిని తెప్పించి నాటించినట్లు అందులో రాజు చెప్పుకొన్నాడు. తన ఏలుబడిలోని ప్రాంతాలతో పాటు సరిహద్దుకు ఆవలి చోళ, పాండ్య దేశాలను కూడా ఆ సందర్భంలో పేర్కొన్నాడు. నాటినవారి ఉపయోగం, నాటినవారి హద్దు అనే రెండు కొలతలనూ ఆ శాసనం పక్కన పెట్టింది. ఒక మొక్క అవసరమైన చోటుకు చేరడమే అక్కడ ముఖ్యమైంది.

అధికారులకు ఇంతకంటే సన్నిహితమైన ఉదాహరణ జునాగఢ్ దగ్గరి సుదర్శన తటాకం. చంద్రగుప్త మౌర్యుని కాలంలో ప్రాంతీయాధికారి పుష్యగుప్తుడు దానిని నిర్మించాడు. అశోకుని కాలంలో యవనుడైన తుషాస్ఫుడు కాలువలు తీర్చాడు. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో కట్ట తెగినప్పుడు మహాక్షత్రపుడు రుద్రదాముని తరఫున పహ్లవుడైన సువిశాఖుడు మరమ్మతు చేయించాడు. ఐదవ శతాబ్దంలో, స్కందగుప్తుని కాలంలో, మళ్ళీ తెగితే చక్రపాలితుడు కట్ట వేయించాడు. రాజవంశాలు మారాయి. అధికారులలో స్థానికులు ఉన్నారు, దూరదేశపు మూలాలు కలవారూ ఉన్నారు. సుమారు ఏడెనిమిది వందల ఏళ్ళ వ్యవధిలో ఎవరి పూట వారు ఆ పని చేశారు. వీరిలో ఏ ఒక్కరూ తన పనికి శాశ్వతత్వం సాధించలేదు. తాము చూసిన కట్ట తమ తరువాత తెగుతూనే వచ్చింది. అయినా వారి శ్రమ వ్యర్థమని ఏ చరిత్రకారుడూ అనడు. శాశ్వతమైనదంటే ఎన్నటికీ చెడనిది అని అర్థం చేసుకొంటే అటువంటిది లోకంలో దొరకదు. చెడినప్పుడల్లా బాగుచేసే మనిషి ఒకడు దొరకడమే శాశ్వతత్వం. నిత్యహరితమనే మాటకు కూడా అర్థం ఇదే. ఏ ఆకూ రాలని మొక్క ఉండదు. రాలిన ఆకు స్థానంలో మరొకటి వస్తున్నంతకాలం అది పచ్చగా కనిపిస్తుంది.

రెండవ ఆక్షేపణ ఇంతకంటే బలమైనది. తరువాత ఆ ఇంటికి వచ్చేవారికి పూలకంటే కూరగాయలు ఇష్టం కావచ్చు. వారి పిల్లలకు ఆడుకోవడానికి ఖాళీ నేల కావాలి కావచ్చు. ముందువారు తమ అభిరుచిని నేలలో పాతి వెళ్ళడం, రాబోయేవారి స్వేచ్ఛను కొంత హరించడమే కదా? ఈ ఆక్షేపణను తోసిపుచ్చడం న్యాయం కాదు. అధికారంలో ఉన్నవారు తమ పేరు నిలపడానికి చేసే అనేక పనులు ఈ దోషంతో కూడినవే. తరువాతి తరం వద్దనలేనంత బరువుగా ఏదో ఒకటి కట్టి వెళ్ళాలన్న కోరిక దాతృత్వంలా కనిపించినా, దాని అడుగున ఆక్రమణ ఉంటుంది. 'క్రాంత' అన్న మాటలోనే ఆ ఛాయ ఉంది.

ఈ చోట మొక్క పరిమాణం నైతిక విషయంగా మారుతుంది. మర్రిని నాటితే దానిని తొలగించడానికి గొడ్డలి కావాలి, అనుమతి కావాలి. అడుగెత్తు విష్ణుక్రాంతను తొలగించడానికి ఒక చేయి చాలు. ఇష్టం లేనివారు ఒక్క ఉదయంలో ఆ పాదును వంగమడిగా మార్చుకోవచ్చు. పుచ్చుకొనేవారు సులభంగా కాదనగలిగినప్పుడే దానం నిజమైన దానమవుతుంది. పెద్ద చెట్లు నాటరాదని దీని భావం కాదు. అవి ఊరి నిర్ణయంతో, బహిరంగ స్థలాల్లో, అందరి అవసరం చూసి నాటవలసినవి. ఒక వ్యక్తి తన తాత్కాలిక నివాసంలో సొంత అభిరుచి కొద్దీ వదిలివెళ్ళేది మాత్రం, కాదనే హక్కును రాబోయేవారికి మిగిల్చేంత చిన్నదిగా ఉండాలి.

మూడవ ప్రశ్న స్వదేశీ, విదేశీ భేదానికి సంబంధించినది. బ్రెజిల్ మొక్కకు మంగ్లా పెరటిలో చోటెందుకు అని అడగవచ్చు. మిరప, టమోటా, బొప్పాయి, జామ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మిరప లేని తెలుగు వంటిల్లు ఈనాడు ఊహకు అందదు. వచ్చిన చోటు ఏదన్నది ఒక్కటే కొలత అయితే రైల్వే కొలువుకు వచ్చి తరాలుగా నిలిచిపోయిన కుటుంబాలను కూడా ఆ కొలతతోనే కొలవవలసి వస్తుంది. ఇరుగుపొరుగులకు హాని చేయకుండా, ఆ నేల ఎండవానలకు ఓర్చి, ఇచ్చిన పాదులో ఒదిగి బతికే దానిని పరాయిదని వెళ్ళగొట్టడం ఉచితం కాదు.

అయితే ఇందులో ఒక షరతు ఉంది. కొత్తగా వచ్చినది పాతదాని పేరును తీసుకోరాదు. నర్సరీ మొక్కను విష్ణుక్రాంత అని పిలవడంతో అసలు విష్ణుక్రాంత ఎవరికీ తెలియని కలుపుగా మిగిలిపోతోంది. ఇది పలుకుబడికి మాత్రమే సంబంధించిన చిక్కు కాదు. ఆయుర్వేదంలో శంఖపుష్పి అన్న ఒక్క పేరు కింద వేర్వేరు ప్రాంతాల్లో మూడు నాలుగు వేర్వేరు మొక్కలను వాడుతూ వచ్చారు. వాటిలో విష్ణుక్రాంత ఒకటి, దక్షిణాదిన శంఖుపుష్పం తీగ మరొకటి. పేరు తారుమారైతే మందు తారుమారయ్యే ప్రమాదం ఉంది. పత్రిపూజలోనూ అంతే. చవితి నాటికి వానలతో పచ్చబడిన మెట్టలో వెతికి తెచ్చిన ఆకు వేరు, కుండీలో నుంచి తుంచిన ఆకు వేరు. వాటిలో ఒకటి మరొకదానికి బదులుగా చెల్లవచ్చునా అన్నది భక్తుల విశ్వాసానికి సంబంధించిన విషయం. రెండూ ఒకటేనని చెప్పడం మాత్రం సత్యం కాదు. పరాయి మొక్కకు చోటు ఇవ్వడం ఔదార్యం, దానిని దాని పేరుతోనే పిలవడం నిజాయితీ. మొదటిది చేసినంత మాత్రాన రెండవది అక్కరలేదనుకోరాదు. వీలైతే అదే పెరటిలో, నీరు పోయని ఒక కంకర మూలను అసలు విష్ణుక్రాంతకు వదలడం మరింత మేలు. దానికి కావలసింది సేవ కాదు, దానిని పీకివేయకుండా ఉండడం.

ఇక మిగిలింది వెళ్ళే రోజు ప్రశ్న. పెంచినవారు మొక్కను వెంట తీసుకొని వెళ్ళాలా, అక్కడే వదలాలా? నేల విషయంలో ఈ రెండింటికీ పొత్తు కుదరదు. బలి ఇచ్చిన నేల బలికి లేకుండా పోయింది. ఇవ్వడమంటే కోల్పోవడమే. ధనం విషయంలోనూ అంతే. కొమ్మ విషయంలో ఈ నియమం వర్తించదు. నాలుగంగుళాల కొనను తుంచి తడి ఇసుకలో నిలిపితే తయారయ్యేది తల్లిమొక్కకు బిడ్డ అనడం కంటే, అదే మొక్క అనడం సరి. విత్తనంలో తల్లిదండ్రుల లక్షణాలు కలుస్తాయి. కొమ్మలో ఆ కలయిక లేదు, తల్లి లక్షణాలే యథాతథంగా ఉంటాయి. కనుక తీసుకొనివెళ్ళినది, వదిలివెళ్ళినది రెండూ ఒక్కటే. ఒకరికి ఇచ్చినంత మాత్రాన మరొకరికి తరగదు. విద్యను గురించి పెద్దలు చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తమ భాషను, పండుగలను బిలాస్‌పూర్‌లో నిలుపుకొన్న తీరులోనూ ఈ లక్షణం ఉంది. ఇక్కడ నాటుకొన్నందువల్ల అక్కడ తరిగిందేమీ లేదు.

అందువల్ల తాత్కాలికంగా ఉన్న చోట బహువార్షికాన్ని నాటడం ధర్మమే అని చెప్పవచ్చు. మూడు నియమాలు పాటించాలి. తరువాతివారు వద్దనగలిగినంత చిన్నదై ఉండాలి. దానిని దాని నిజమైన పేరుతో అప్పగించాలి. అప్పగించిన తరువాత దానిపై ఏ హక్కూ, ఫలానావారు పీకివేశారన్న ఫిర్యాదూ ఉండరాదు. ఈ మూడింటిలో మూడవది కష్టమైనది. మూడవ అడుగుకు చోటు లేక తన తలనే చూపిన బలి కథలో కూడా కష్టమైన అడుగు మూడవదే.

ప్రభుత్వ గృహం ఖాళీ చేసేటప్పుడు ఒక జాబితా తయారవుతుంది. ఫ్యాన్లు ఎన్ని, కుళాయిలు ఎన్ని, తాళంచెవులు ఎన్ని అని లెక్క చూసి సంతకాలు చేస్తారు. పెరటిలో అడుగెత్తు మొక్క ఆ జాబితాలోకి ఎక్కదు. ఎక్కనవసరం లేదు కూడా. కాని వచ్చేవారికి నాలుగు మాటలు చెప్పి వెళ్ళడానికి ఏ నిబంధనా అడ్డు రాదు: ఇది ఎండ కోరుతుంది, వానాకాలంలో దీని మొదట్లో నీరు నిలవనివ్వకూడదు, శీతకాలం పోగానే కత్తిరించాలి, దీని అసలు పేరు ఇది. ఆ మాటలు విన్నవారు మొక్కను ఉంచుతారో తీసివేస్తారో వారి ఇష్టం. ఉంచదలచుకొంటే బతికించుకొనే విధానం వారికి తెలిసి ఉంటుంది.